రహస్య కూటమిలో పేరు దాచి పంపే లేఖలు: రాసినది ఎవరో నిర్వాహకులకైనా తెలియాలా?

చంద్రగిరి_కావలి

తిరుపతి, చిత్తూరు మిత్రులం కొందరం కలిసి ఆన్‌లైన్ చాట్ వేదిక అయిన డిస్కార్డ్‌లో రాతపూర్వకంగా ఒక రోల్‌ప్లే ఆట నడుపుతున్నాము. కథాకాలం 1614. విజయనగర రాజు వేంకటపతి దేవరాయలు సోదరుని కుమారుడైన శ్రీరంగరాయలను వారసునిగా నిర్ణయించి కన్నుమూశాడు. గొబ్బూరి జగ్గరాయడు మరొక బాలుణ్ణి గద్దెనెక్కించి శ్రీరంగరాయలను కుటుంబంతో సహా చెరలో పెట్టాడు. ఆ కుటుంబంలోని ఒక పిల్లవాణ్ణి వెలుగోటి యాచమనాయకుడు ఒక చాకలివాని సాయంతో బయటికి తప్పించాడు. ఆట అంతా ఈ కుట్రల మీదనే నిలబడింది కనుక రెండు పక్షాలకూ రహస్య కూటములు ఉన్నాయి. ఒకే కూటమిలో ఉన్నవారికి కూడా తమ తోటి సభ్యులు ఎవరో తెలియదు. ఒక బాట్ (సందేశాలను తనంతట తానే చేరవేసే ప్రోగ్రాం) ద్వారా, తమకు నచ్చిన ముద్ర పేరుతో, అంటే మారుపేరుతో, లేఖలు రాసుకుంటారు. ఆటగాళ్ళు కోరిన మీదట, ఏ లేఖ ఎవరు పంపారన్న వివరం ఎక్కడా మిగలకుండా బాట్‌ను తయారు చేశారు.

ఇప్పుడు వచ్చిన చిక్కు ఇది. ఒక కూటమిలో ముద్ర చాటున ఉన్న ఒకరు, ఒక అమ్మాయి ఆడుతున్న పాత్రకు లేఖలు రాస్తూ రాస్తూ కథను వదిలిపెట్టి, ఆమె చదివే కాలేజీ గురించి, సాయంత్రం ఆమె ఎక్కే బస్సు గురించి రాయడం మొదలుపెట్టారు. ఆమె భయపడి ఆట మానుకున్నది. రాసినది ఎవరో మాకు తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు. ఇకమీద పంపినవారి వివరం నిర్వాహకుల దగ్గర ఉండాలని నేను అంటున్నాను. అలా చేస్తే ఆటలో ప్రాణం పోతుందని సగం మంది అంటున్నారు. ఇటువంటి ఆటలు నడిపినవారు, ఆడినవారు మీ అనుభవం చెప్పండి.

పాకాల_జంక్షన్

పేరు లేకుండా రాసేది ఏ కాలంలోనైనా ఆకాశరామన్న ఉత్తరమే. పాత్రలు ఎలాగూ కల్పితాలే కదా, ఆ పాత్ర పేరుతోనే రాయమనండి. రెండవ ముసుగు ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

స్వర్ణముఖి_ఒడ్డు

పాకాల అన్నా, ఎందుకో నేను చెబుతాను. మన ఊళ్ళలో ఆటగాళ్ళంతా ఏదో ఒక విధంగా ముందే పరిచయస్తులు. ఒకే కాలేజీ సీనియర్లు, జూనియర్లు, ఒకే ఆఫీసులో పనిచేసేవారు, వేలువిడిచిన బంధువులు. ఏ పాత్ర ఎవరిదో అందరికీ తెలుసు. సీనియర్ ఆడే పాత్ర మాటను జూనియర్ ఆడే పాత్ర కాదనలేదు. నేను కొంతకాలం ఒక సేనాపతి పాత్ర ఆడాను. నేను ఆడపిల్లనని తెలిసిన మరుక్షణం నుంచి నా యుద్ధ వ్యూహాలకు సలహాలే తప్ప జవాబులు రాలేదు. రహస్య కూటమిలో ముద్ర వెనుక నిలబడినప్పుడే నా మాటను మాటగా తీసుకున్నారు. కావలి గారు చెప్పిన సంగతి చదివితే నాకు కడుపు మండుతున్నది, ఆ రాసినవారిని పట్టుకోవలసిందే. అయితే అందుకు ముసుగునే తీసేస్తే, నష్టపోయేవారిలో ఆ అమ్మాయివంటివారే ముందుంటారు.

పుంగనూరు_గిత్త

గుంపులో దాగిన హంతకులను మిగిలినవారు కనిపెట్టే మాఫియా ఆటలో హంతకులకు ఒకరికొకరు తెలుసు కదా. అయినా ఆట రక్తి కడుతుంది. మరి ఇక్కడ కూటమి సభ్యులకు కూడా ఒకరికొకరు తెలియకపోవడం ఆటకు అవసరమా?

కాణిపాకం_బావిగట్టు

గిత్త పొట్టిదైనా ప్రశ్న గట్టిది. మాఫియాను 1986లో మాస్కోలో దిమిత్రీ దవీదోవ్ అనే మనస్తత్వశాస్త్ర విద్యార్థి రూపొందించాడు. అన్నీ తెలిసిన కొద్దిమందికీ ఏమీ తెలియని ఎక్కువమందికీ మధ్య పోరు ఎలా ఉంటుందన్నదే దాని మూలసూత్రం. అక్కడ కూటమి చిన్నది, ఆట గంటలో ముగుస్తుంది. కావలి గారి ఆట నెలల తరబడి సాగుతుంది. ఒక సభ్యుడు పట్టుబడితే అందరి పేర్లూ బయటపడతాయి కనుక తోటివారి పేర్లు ఎవరికీ తెలియకపోవడం అక్కడ కథకే అవసరం. ఆ పిల్లవాణ్ణి మూటలో దాటించిన చాకలివానికి యాచమనాయకుని పక్షంలో మిగిలిన వారంతా ఎవరెవరో తెలియవలసిన పని ఉండదు కదా.

స్పేస్ స్టేషన్ 13 అనే పాత ఆటను గుర్తు చేస్తాను. అందులో ఇతరుల రూపం ధరించే చేంజ్‌లింగ్‌లు తమలో తాము మనసుతో మాట్లాడుకునే మార్గం ఒకటి ఉండేది. అక్కడ అసలు పేరు కాకుండా గ్రీకు అక్షరాల మారుపేరు మాత్రమే కనిపించేది. తోటి చేంజ్‌లింగ్ ఎవరో తెలియదు, ఎదురుపడినా పోల్చుకోలేరు. ఆ భయంలోనే ఆట ఉన్నది. అయితే ఆ ఆటలో పలికిన ప్రతి మాటా ఏ ఖాతా నుంచి వచ్చిందో సర్వర్ నిర్వాహకుల లాగ్‌లో ఉంటుంది. అందువల్ల ఆటగాళ్ళకు ఆట రుచి తగ్గినట్లు నేనెప్పుడూ వినలేదు.

నగరి_మగ్గం

బాట్లు రాయడం నా వృత్తిలో భాగం కనుక ఒక మాట అడుగుతాను. ఆ కూటమి లేఖలు ఒకే ప్రైవేటు ఛానల్‌లో పడుతున్నాయా? అలాగైతే మీ రహస్యం మొదటినుంచీ రహస్యం కాదు. డిస్కార్డ్‌లో ఏ ఛానల్ తెరిచినా, దానిని చూడగలిగినవారి పేర్లన్నీ కుడిపక్క మెంబర్ల జాబితాలో కనిపిస్తాయి. లేఖకు ఎవరైనా ఒక బొమ్మతో స్పందిస్తే ఆ బొమ్మ మీద వేలు నొక్కిపెట్టగానే పేరు వస్తుంది. లేఖ వచ్చిన క్షణంలో ఎవరి పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతున్నదో చూస్తే సగం తెలిసిపోతుంది.

సరైన పద్ధతి వేరు. కూటమికి ఉమ్మడి ఛానల్ ఉండకూడదు. ప్రతి ఆటగానికీ బాట్‌తో తనకు మాత్రమే కనిపించే ఛానల్ ఒకటి ఉండాలి. అతడు అక్కడ రాసిన లేఖను బాట్ తీసుకుని, కూటమిలోని మిగిలినవారి ఛానళ్ళలో ఒక్కొక్కటిగా, ముద్ర పేరుతో వేయాలి. వెంటనే కాకుండా కొన్ని నిమిషాలనుంచి కొన్ని గంటల వరకు ఎంతో కొంత ఆలస్యం చేసి, ఆ ఆలస్యం ప్రతిసారీ మారేలా చేస్తే పచ్చచుక్క పట్టుకుని ఊహించేవారికి దారి మూసుకుపోతుంది. 1614లో వేగులవాడు చంద్రగిరి నుంచి వేలూరుకు క్షణంలో చేరడు కనుక కథకూ అది సహజంగా ఉంటుంది.

చంద్రగిరి_కావలి

ఉమ్మడి ఛానలే. అయితే కూటమి పేర్లు బయటపడకుండా ప్రతి ఆటగానినీ రెండు ఛానళ్ళలోనూ చేర్చి, తమది కాని కూటమి లేఖలు చదవవద్దని నియమం పెట్టారు.

నగరి_మగ్గం

చదవవద్దన్న నియమం మీద నడిచే రహస్యం ఎక్కువ రోజులు నిలవదు. ఛానళ్ళు విడదీయడం ముందుగా చేయండి, తక్కినది తరువాత.

మరొక ముఖ్యమైన సంగతి ఉన్నది, దీనిని ఎవరూ ఎత్తలేదు. బాట్ ద్వారా వచ్చే సందేశం డిస్కార్డ్ దృష్టిలో బాట్ పంపినదే. ఆ అమ్మాయి వేధించినవాణ్ణి తన ఖాతాలో బ్లాక్ చేసుకున్నా ముద్ర పేరుతో వచ్చే లేఖలు ఆగవు. సందేశాన్ని డిస్కార్డ్‌కు రిపోర్టు చేస్తే ఆ ఫిర్యాదు వేలెత్తి చూపేది బాట్‌ను, దానిని నడిపేవారిని. అంటే ఆమెకు డిస్కార్డ్ ఇచ్చిన రక్షణలు రెండింటినీ మీ బాట్ ఆమె చేతిలోనుంచి లాగేసుకున్నది. కనుక వాటికి బదులు రక్షణ ఇవ్వవలసిన బాధ్యత కూడా బాట్‌దే. ఫలానా ముద్ర నుంచి నాకు లేఖలు వద్దు అని ఒక ఆజ్ఞ పెట్టండి. పంపినవారు ముద్ర మార్చుకున్నా ఆ నిరోధం వారి ఖాతాను వెన్నాడాలి. అవతలివారు ఎవరో ఈమెకు తెలియనక్కర లేదు, ఈమె నిరోధించినట్లు వారికీ తెలియనక్కర లేదు.

స్వర్ణముఖి_ఒడ్డు

మగ్గం అన్న చెప్పినది నాకు అన్నిటికంటే నచ్చింది. ఎవరో కనిపెట్టి శిక్షించే దాకా ఆగనక్కర లేకుండా, లేఖలు ఆపే శక్తి ముందు ఆమె చేతిలోనే ఉంటుంది.

పాకాల_జంక్షన్

ముద్ర మార్చినా నిరోధం వెన్నాడాలంటే ఏ ముద్ర ఏ ఖాతాదో బాట్‌కు తెలిసి ఉండాలి కదా. ఎక్కడా మిగలకూడదన్న మాట అక్కడికే పోయింది.

నగరి_మగ్గం

అవును, పోయింది. పోవలసిందే. ఏమీ గుర్తుపెట్టుకోని బాట్ ఎవరినీ కాపాడలేదు.

తాతయ్యగుంట_వీధి

నేను గంగమ్మ గుడి దగ్గర పుట్టి పెరిగినదాన్ని. జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం కట్టినవారు వీధుల్లో తిరుగుతూ ఎదురైనవారిని నోటికొచ్చినట్లు తిడతారు. ఏ పెద్దమనిషీ కోపం తెచ్చుకోడు, ఎందుకంటే ఆ తిట్టు వేషానిది, ఆ రోజుది. జాతర కథలో ఊళ్ళో ఆడవాళ్ళను వేధించిన పాలెగాడు అమ్మవారికి భయపడి దాక్కున్నాడు. వాణ్ణి వేటాడడానికే అమ్మవారు వేషాలు మార్చిందని, తాను దాక్కున్నచోటునుంచి వాడు దొర వేషం చూసి బయటికి రాగానే తల నరికిందని మా ఇళ్ళలో చెబుతారు. అంటే మన ఊరిలో ముసుగు ఆడవాళ్ళ పక్షాన పుట్టింది. ఆ ముసుగునే పట్టుకుని ఒక ఆడపిల్లను భయపెట్టడం నాకు రెట్టింపు తప్పుగా కనిపిస్తున్నది. జాతరలో బండ వేషగాడు తిట్టవచ్చు, కానీ ఒక అమ్మాయి వెంటపడి ఇంటిదాకా వెళితే అది వేషం కాదు, వీధి ఊరుకోదు. మీ ఆటలోనూ ఆ గీత ఉండాలి. ముద్ర పేరుతో పాత్రను ఎంతైనా బెదిరించవచ్చు, దాని వెనుక ఉన్న మనిషి కాలేజీ, బస్సు, ఇల్లు అన్న మాట వచ్చిన క్షణాన ముసుగు హక్కు పోవాలి.

అలిపిరి_మెట్టు

అక్కా, గీత గురించి మీరు అన్నదానితో ఏకీభవిస్తాను, పోలికతో కాదు. జాతరలో వేషం కట్టినవారు ఎవరో వీధి మొత్తానికి తెలుసు. అమ్మవారి వేషం కైకాల కుటుంబంవారే కడతారని ఊరందరికీ తెలుసు. అది పేరు దాచుకోవడం కాదు. ఇక్కడ అడుగుతున్నది అసలు తెలియకపోవడం గురించి.

నిర్వాహకుల దగ్గర వివరం ఉంచడమే నాకు భయం. నేను ఇంతకుముందు ఆడిన ఒక ఆటలో నిర్వాహకుడు తానూ ఒక పాత్ర ఆడేవాడు. మా కూటమి లేఖలన్నీ అతనికి కనిపించేవి. మేము పన్నిన ప్రతి పన్నాగానికీ అవతలి పక్షం ఒకరోజు ముందే సిద్ధంగా ఉండేది. తరువాత తెలిసింది, అతని గది స్నేహితుడు అవతలి కూటమికి పెద్ద. అంతకంటే బాధ కలిగించిన సంగతి వేరు. కూటమిలో ఒకరు తన సొంత కష్టాన్ని, ముద్ర ఉన్నదన్న ధైర్యంతో, పాత్ర నోటితో రాసుకున్నారు. అది ఎవరు రాశారో ఊళ్ళో మాటగా మారింది. ఆటగానికి ముసుగు తీసే అధికారం నిర్వాహకునికి ఇస్తే, నిర్వాహకునికి ముసుగు తీసేది ఎవరు?

చంద్రగిరి_కావలి

మా నిర్వాహకులు ముగ్గురమూ పాత్రలు ఆడుతున్నవాళ్ళమే. అలిపిరి గారి అభ్యంతరానికి నా దగ్గర సమాధానం లేదు.

కాణిపాకం_బావిగట్టు

అధికారం ఒకరి చేతిలో పెడితే ఏమవుతుందో ఈ లోకానికి పాత అనుభవమే. 1990లో పావెల్ కర్టిస్ జెరాక్స్ పరిశోధన కేంద్రంలో లాంబ్డామూ అనే రాత ప్రపంచాన్ని నడిపాడు. 1993లో అందులో మిస్టర్ బంగిల్ అనే పాత్ర ఒక మంత్రపు బొమ్మవంటి పనిముట్టుతో, ఇతరుల పాత్రలు తామే చేస్తున్నట్లుగా అసభ్యపు చేష్టలను అందరి ముందూ రాయించింది. బాధపడినవారు నిజమైన మనుషులు. ఎవరు శిక్షించాలి అన్న చర్చ తేలకముందే ఒక నిర్వాహకుడు ఒంటరిగా నిర్ణయించి ఆ పాత్రను తొలగించాడు. ఆ తొలగింపు సబబేనని చాలామంది అన్నా, ఒక్కరి చేతిమీదుగా జరగడం చాలామందికి మింగుడుపడలేదు. ఆ తరువాతనే కర్టిస్ అక్కడ వినతులు, ఓటింగు పద్ధతి ప్రవేశపెట్టాడు. బంగిల్ వెనుక ఉన్నవాడు మరొక పేరుతో మళ్ళీ వచ్చాడన్నది కూడా ఆ కథలో భాగమే. ఇక్కడ మీకు పనికివచ్చేది ఏమిటంటే, అక్కడ తగవంతా ఏం చేయాలన్నదాని మీదకంటే ఎవరు చేయాలన్నదాని మీదనే పెరిగింది.

చిత్తూరు_కోర్టువీధి

వకీలుగా ఒక్క విషయం. పేరు దాచి రాయడం దానంతటది నేరం కాదు. ఇంటర్నెట్‌లో చికాకు కలిగించే రాతలకు శిక్ష వేసే 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసింది. కానీ బెదిరింపు వేరు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 351వ సెక్షన్ నేరపూరిత బెదిరింపు గురించినది. ఆ బెదిరింపు పేరు లేకుండాగానీ, పేరు దాచుకునే జాగ్రత్త తీసుకునిగానీ చేస్తే, మామూలు శిక్షకు అదనంగా 2 సంవత్సరాల వరకు జైలు వేయవచ్చునని అందులోని 4వ ఉపసెక్షన్ చెబుతున్నది. పాత ఐపీసీలో 507 ఇదే. స్త్రీని ఆమె వద్దన్నా పదేపదే సంప్రదించడానికి 78వ సెక్షన్ ఉన్నది. కాలేజీ, బస్సు ప్రస్తావన నన్ను కలవరపెడుతున్నది. ఆ లేఖల స్క్రీన్‌షాట్లు, తేదీలు, సమయాలతో సహా ఆమె భద్రపరచుకోవాలి. మీ సర్వర్‌లో ఆ సందేశాలను చెరిపివేయకండి. ఆమె ఇష్టపడితే కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వెళ్ళాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం, ఆమె తరఫున మీరు నిర్ణయించవద్దు.

పుంగనూరు_గిత్త

ప్రభుత్వమే సందేశం ఎవరిదో చెప్పమని అడుగుతున్నది కదా? వాట్సాప్ కేసు అదే అనుకుంటాను.

చిత్తూరు_కోర్టువీధి

అది 2021 ఐటీ నియమాల సంగతి. నమోదైన వినియోగదారులు 50 లక్షలు దాటిన సందేశ వేదికలు, చట్టప్రకారం ఉత్తర్వు వస్తే, సందేశాన్ని మొదట పుట్టించినవారిని గుర్తించగలగాలని ఆ నియమం. వాట్సాప్ దానిని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. మీ ఆటవంటి చిన్న బృందం ఆ కొలతలోకి రాదు. కాబట్టి చట్టం అడిగిందని కాకుండా, ఆటగాళ్ళకు మీరు ఏమి మాట ఇస్తున్నారన్న దృష్టితోనే నియమం రాసుకోండి.

నగరి_మగ్గం

అలిపిరి అన్న అడిగినదానికి పద్ధతి ఉన్నది. పంపినవారి వివరాన్ని బాట్ తాళం వేసి దాచాలి. ఆ తాళంచెవి ఒకరి దగ్గర ఉండకూడదు. అదీ షమీర్ 1979లో ఒక పద్ధతి చూపించాడు. ఒక రహస్యాన్ని ముక్కలుగా పంచి, ఉదాహరణకు ముగ్గురికి ఇచ్చి, వారిలో ఏ ఇద్దరు కలిసినా తెరవగలిగేటట్లు, ఒక్కరి ముక్కతో మాత్రం ఏమీ తెలియనట్లు చేయవచ్చు. గణితం చిన్నదే, దానికి సిద్ధంగా ఉన్న లైబ్రరీలు దొరుకుతాయి. ఆ ముగ్గురూ ఆట ఆడనివారై ఉండాలి, వారిలో ఒకరైనా స్త్రీ అయి ఉండాలి. నిరోధం పనిచేయడానికి మాత్రం ఖాతాకు బదులు ఒక గుర్తుసంఖ్యను బాట్ వాడుకుంటే చాలు, పేరు అవసరం లేదు.

అలిపిరి_మెట్టు

బాట్ నడిచే కంప్యూటర్ ఎవరిదైతే వారు, సందేశం వస్తున్న క్షణంలోనే చూడగలరు కదా. తాళం వేసేది ఆ తరువాత.

నగరి_మగ్గం

చూడగలరు. దానిని పూర్తిగా మూయడానికి డిస్కార్డ్‌లో దారి లేదు, సర్వర్ యజమానికి ప్రైవేటు ఛానళ్ళన్నీ కనిపిస్తాయి. అందుకే బాట్‌ను, సర్వర్ యాజమాన్యాన్ని కూడా ఆట ఆడనివారికే అప్పగించమంటున్నాను. బాట్ కోడ్ అందరూ చదివేలా బయట పెట్టండి. ఇంతకంటే ఎక్కువ భద్రత ఉన్నదని ఆటగాళ్ళకు చెప్పవద్దు. పూర్తి రహస్యం అని నమ్మించి రాయించడం కంటే, ఇంతవరకే దాగుతుందని చెప్పి రాయించడం మేలు.

అలిపిరి_మెట్టు

ఈ మాట నియమాలలో మొదటి వాక్యంగా ఉంటే నా అభ్యంతరం చాలావరకు తీరుతుంది. ఒక షరతు. తాళం తెరిచిన ప్రతిసారీ, ఎవరి పేరూ చెప్పకుండా, ఫలానా తేదీన ఒక ఫిర్యాదు మీద తెరిచామని కూటమి అంతటికీ తెలియజేయాలి. చాటుగా తెరిచే అలవాటు అక్కడే ఆగుతుంది.

తాతయ్యగుంట_వీధి

ఫిర్యాదు చేసిన అమ్మాయి ఎవరో ఆ ప్రకటనతో తెలిసిపోకూడదు. తేదీ బదులు నెల చెబితే చాలు.

అలిపిరి_మెట్టు

సరే అక్కా, నెల చాలు.

చంద్రగిరి_కావలి

ఆట ఆడనివారు ముగ్గురిని ఈ వారంలో అడుగుతాను. ఛానళ్ళు విడదీసే పని మొదలైంది. ఆ అమ్మాయితో మా బృందంలోని ఒక అక్క మాట్లాడింది. కోర్టువీధి గారు చెప్పినట్లు సందేశాలన్నీ భద్రపరిచాము, ఫిర్యాదు గురించి ఆమె తన ఇంట్లోవారితో మాట్లాడుతున్నది. మిగిలిన సందేహం ఒకటే. ఎవరైనా మధ్యలో ఆట మానేస్తే వారి ముద్ర ఏం చేయాలి? హఠాత్తుగా ఒక ముద్ర మూగబోతే, ఆట మానినది ఎవరో చూసి అందరూ పోల్చుకుంటారు.

స్వర్ణముఖి_ఒడ్డు

మీరు చెప్పిన చాకలివాని కథలాగే చేయండి. ఆ ముద్ర నుంచి కొంతకాలం తరువాత ఒక చివరి లేఖను బాట్ ద్వారా నిర్వాహకులే పంపి, ఆ వేగువాడు పట్టుబడ్డాడనో దూరదేశం వెళ్ళాడనో కథలోనే ముగించండి. ఆట మానేవారిని వెళ్ళేముందు ఆ లేఖ రాసిపెట్టమని అడగండి, వారికి ఇష్టం లేకపోతే మీరే రాయండి. ఆ ముద్రను మాత్రం మరొకరికి ఇవ్వవద్దు.

నగరి_మగ్గం

ఆలస్యపు వ్యవధిని ఆ చివరి లేఖకు రోజులలో పెట్టవచ్చు. బాట్‌లో ఆ ఏర్పాటు నేను రాసి పంపుతాను.